డైస్ ఎప్పుడు వేయించాలి: గేమ్ మాస్టర్‌గా నా అనుభవం

మాది ఒక్కొక్కరూ ఒక్కో క్యారెక్టర్‌గా మారి కథ నడిపే ఆట. మా గ్రూపులో దాన్ని నడిపే గేమ్ మాస్టర్ (జీఎం) బాధ్యత నాకు వచ్చినప్పుడు కథ గురించి పెద్దగా భయపడలేదు. పాడుబడ్డ కోటలు, విలన్లు, పాత పగలు ఎలాగోలా తయారవుతాయి. టెన్షన్ అంతా స్కిల్ చెక్‌ల మీదే, అంటే క్యారెక్టర్ ఒక పని చేయగలదా లేదా అని డైస్ వేసి తేల్చడం మీదే. మేం ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, 2014 నాటి రూల్స్‌తో. ఇరవై ముఖాల డైస్ వేసి, ఆ పనిలో క్యారెక్టర్ సత్తాని చూపే అంకె, అంటే మాడిఫయర్, కలపాలి. మొత్తం జీఎం పెట్టిన డీసీని, అంటే పని కష్టాన్ని బట్టి పెట్టే అంకెని, అందుకుంటే పని అయినట్టు. తేలిక పనికి 10, మధ్యరకానికి 15, కష్టమైనదానికి 20 అని పుస్తకంలోనే ఉంది. కానీ ఆ డైస్ ఎప్పుడు వేయించాలో, ఎప్పుడు వద్దనాలో తేల్చుకోవడానికే నాకు చాలా కాలం పట్టింది.

ప్లేయర్‌గా ఉన్నప్పుడు చూసిన ఒక ఆట నన్ను బాగా ఆలోచింపజేసింది. ఒక లైబ్రరీలో దాచిన ఉత్తరం దొరికితేనే కథ ముందుకు వెళ్తుంది. అప్పటి మా జీఎం ఇన్వెస్టిగేషన్ (ఆధారాలు వెతికే) చెక్ అడిగారు. ఒకరి తర్వాత ఒకరం వేశాం, ఎవరికీ పడలేదు. చాలాసేపు అవే అల్మారాలు తిరగేశాక, చివరికి ఆయనే ఏదో సాకు కల్పించి ఉత్తరం మా చేతికిచ్చారు. ఎలాగూ ఇవ్వాల్సిందే అయినప్పుడు ఆ రోల్స్ దేనికి?

అందుకే ఆట నడపడం మొదలుపెట్టినప్పటి నుంచి, డైస్ అడిగే ముందు రెండు ప్రశ్నలు వేసుకుంటాను. గెలిస్తే ఏం మారుతుంది? ఓడితే ఏం మారుతుంది? రెండోదానికి జవాబు దొరక్కపోతే రోల్ ఉండదు. గమ్‌షూ అనే, పరిశోధన కథల ఆటలకు వాడే రూల్స్ పద్ధతి ఈ విషయంలో నాకు బాగా నచ్చింది. అందులో సరైన నైపుణ్యం ఉన్నవాళ్లు సరైన చోట వెతికితే కీలకమైన ఆధారం డైస్ లేకుండానే దొరుకుతుంది. అదే లైబ్రరీ నా ఆటలో వస్తే ఉత్తరం తప్పకుండా దొరుకుతుంది. కాపలావాడు వచ్చేలోపు దొరుకుతుందా, వచ్చాక దొరుకుతుందా అన్నదానికే డైస్.

తర్వాతి చిక్కు లెక్కలది. ఒకరు చెక్‌లో ఓడిపోగానే పక్కవాళ్లు "నేనూ చూస్తా" అంటారు. అది సహజం, వాళ్ల తప్పేం లేదు. కానీ కాగితం మీద లెక్క వేసి చూస్తే ఆశ్చర్యమేసింది. మాడిఫయర్ +5, డీసీ 15 అయితే ఒక్కరు గెలిచే అవకాశం 55 శాతం. అలాంటి నలుగురు విడివిడిగా వేస్తే ఎవరో ఒకరికి పడే అవకాశం సుమారు 96 శాతానికి చేరుతుంది. డీసీ రూపంలో నేను పెట్టిన కష్టం ఆవిరైపోయినట్టే. స్టెల్త్‌లో, అంటే చప్పుడు లేకుండా నక్కి వెళ్లడంలో, ఇది తలకిందులవుతుంది. నలుగురిలో ఒక్కరు చప్పుడు చేసినా దొరికిపోతారంటే, అందరూ గట్టెక్కే అవకాశం 9 శాతమే. దొంగచాటుగా వెళ్దామని గంటసేపు ప్లాన్ వేసుకున్న ప్లేయర్లకు అది అన్యాయం.

రెండింటికీ మందు రూల్స్‌లోనే ఉంది. వెతకడం లాంటి పనుల్లో ఒకరు ముందుండి, మరొకరు సాయం చేయాలి. అప్పుడు అడ్వాంటేజ్ వస్తుంది, అంటే రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవచ్చు. 55 శాతం దాదాపు 80 అవుతుంది. అందరూ కలిసి చేసే పనికైతే గ్రూప్ చెక్ పెడతాను. కనీసం సగం మంది గెలిస్తే అందరూ గెలిచినట్టే. పైన చెప్పిన నలుగురికే అప్పుడు 76 శాతం అవకాశం ఉంటుంది.

మళ్లీ ప్రయత్నిస్తామంటే ఏం చెయ్యాలో కాల్ ఆఫ్ కథుల్హు అనే హారర్ ఆట ఏడో ఎడిషన్ చూసి నేర్చుకున్నాను. అక్కడ రెండోసారి వేయాలంటే పద్ధతి మార్చాలి, ఈసారి ఓడితే పరిస్థితి ఇంకా దిగజారుతుందని ఒప్పుకోవాలి. ఏం జరగొచ్చో నేను ముందే చెప్పేస్తాను. "తాళం విరగ్గొడితే పై అంతస్తు వాళ్లు లేస్తారు, సరేనా?" అని అడిగాక వేసే రోల్‌లో ఉండే ఉత్కంఠే వేరు. బల్ల చుట్టూ అందరూ ముందుకు వంగి చూస్తారు. ఒకటి రెండు అంకెల తేడాతో తప్పితే పని అవుతుంది గానీ ఏదో ఒక నష్టం తగులుతుంది. ఇది జీఎం పుస్తకంలో ఉన్న ఐచ్ఛిక నియమమే, నేను మాత్రం ఎప్పుడూ వాడతాను.

మాటలతో ఒప్పించే సన్నివేశాల్లో ఇంకా జాగ్రత్తగా ఉంటాను. మా గ్రూపులో ఒకమ్మాయి తక్కువ మాట్లాడుతుంది, కానీ బార్డ్ (మాటలు, పాటలతో ఆకట్టుకునే గాయక పాత్ర) ఆడటం తనకిష్టం. రాజు ముందు ప్రసంగం చెయ్యమంటే తనకి ఆట నరకమైపోతుంది. అందుకే "మీ బార్డ్ రాజుని ఏం అడుగుతోంది, ఏ కారణం చూపిస్తోంది?" అని మాత్రమే అడుగుతాను. కారణం బలంగా ఉంటే డీసీ తగ్గుతుంది. గొంతు, ధైర్యం, చమత్కారం సంగతి క్యారెక్టర్ షీట్ (పాత్ర అంకెలు రాసుకునే కాగితం) చూసుకుంటుంది. ఇక న్యాచురల్ 20, అంటే డైస్ మీదే 20, పడితే ఏదైనా జరుగుతుందని చాలామంది అనుకుంటారు. మేం ఆడే రూల్స్‌లో 20 పడగానే గెలుపు ఖాయమన్నది దాడి రోల్స్‌కే, స్కిల్ చెక్‌లకు కాదు. రాజు కిరీటం వదులుకోడని నాకు ముందే తెలిస్తే ఆ రోల్ అడగనే అడగను.

చుట్టూ ఉన్నవి గమనించే పర్సెప్షన్‌ది మరో రకం ఇబ్బంది. డైస్ మీద 3 పడ్డాక "ఏమీ కనిపించలేదు" అంటే ఎవరు నమ్ముతారు? ఆట మొదలవక ముందే అందరి పాసివ్ పర్సెప్షన్, అంటే మాడిఫయర్‌కి 10 కలిపిన అంకె, ఒక చీటీ మీద రాసి పెట్టుకుని, రోల్ బదులు దాన్నే డీసీతో పోల్చి చూస్తాను. వాళ్లు కావాలని వెతికితేనే రోల్. ఎదుటివాడు అబద్ధమాడుతున్నాడా అని పసిగట్టే ఇన్‌సైట్ విషయం మాత్రం మా మధ్య ఇంకా తేలలేదు. అది నేను తెర వెనక వేస్తేనే అనుమానం నిలుస్తుందని కొందరంటారు, డైస్ మా చేతిలోనే ఉండాలని మిగతావాళ్లంటారు. ప్రస్తుతానికి ఎవరికి కావలసినట్టు వాళ్లకి జరిపిస్తున్నాను.