మొదటి ఎల్క్ వేట, ముక్కూమొహం తెలియని కొండ

డెన్వర్‌లో ఇన్నేళ్లున్నా, ఇదే కొలరాడోలోని ఫ్లాట్ టాప్స్ కొండల వైపు ఎప్పుడూ పోలేదు. అక్టోబర్‌లో నా మొదటి ఎల్క్ వేట అక్కడే. ఎల్క్ అంటే మన కణుజుకి పెద్దన్నలాంటి జింక, మగదైతే దాదాపు 300 కిలోలు. రాత్రిళ్లు మ్యాప్ ముందే కూర్చుంటున్నా: ఉత్తరపు వాలు, చెట్ల నీడ, పక్కనే గడ్డి, నీళ్లు ఉన్నచోట ఎల్క్ ఉండొచ్చని పెన్సిల్‌తో సున్నా చుట్టడం. మొదటి సున్నా రోడ్డు నుంచి 6 మైళ్లు లోపలికి పడింది. హుషారు మరి!

మొన్న శనివారం 40 పౌండ్ల సోనా మసూరి బస్తా వీపున కట్టుకుని గుట్టెక్కా. అరమైలుకే మోకాళ్లు మొరాయించాయి. వేట దొరికితే మాంసం రోడ్డు దాకా ఇలాగే వీపున మోయాలి మరి. ఎల్క్ వెనక తొడ ఒక్కటే అంతకన్నా బరువట, అలాంటి మోతలు నాలుగైదు. ఇంటికొచ్చి ఆ సున్నా చెరిపేసి 2 మైళ్ల దగ్గర కొత్తది చుట్టా. కళ్లు జిగేల్మనే ఫ్లోరసెంట్ నారింజ రంగు చొక్కా, టోపీ కొన్నా, రైఫిల్ సీజన్‌లో అదిగానీ ఫ్లోరసెంట్ గులాబీగానీ తప్పనిసరి.

అమ్మకి ఫోన్లో చెబితే, "దొరక్కపోతే వచ్చేప్పుడు కోడి తెచ్చుకోరా" అంది.