క్యాండిడేట్స్ ఆఖరి రాత్రి: గుకేశ్ ఆట అయిపోయింది, టెన్షన్ అయిపోలేదు

చెస్ ఆటగాడు గుకేశ్ పేరు ఎత్తితే అందరూ సింగపూర్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ గురించే మాట్లాడతారు. 2024 డిసెంబర్ 12న, పద్నాలుగో గేములో అప్పటి చాంపియన్ డింగ్ లిరెన్ 55వ ఎత్తుకి ఏనుగుని తప్పు గడిలో పెట్టడం, గుకేశ్ అది చూసి ఒక్కసారిగా నిటారుగా కూర్చోవడం, తర్వాత కళ్ళనీళ్ళు. గొప్ప ఘట్టమే, కాదనను. కానీ నన్నడిగితే అంతకన్నా పెద్ద డ్రామా అదే ఏడాది ఏప్రిల్‌లో టొరంటోలో జరిగిన క్యాండిడేట్స్ ఆఖరి రౌండ్.

క్యాండిడేట్స్ అంటే ఎనిమిది మంది, ఒక్కొక్కరితో రెండేసి సార్లు, మొత్తం 14 రౌండ్లు. మొదటి స్థానం వచ్చినవాడికి ప్రపంచ చాంపియన్‌తో ఆడే హక్కు. రెండో స్థానానికి డబ్బు వస్తుంది గానీ ఆ హక్కు రాదు, మళ్ళీ రెండేళ్ళు కష్టపడి క్వాలిఫై కావాలి. అందుకే మామూలు టోర్నమెంటులో హాయిగా డ్రా చేసుకుని లేచిపోయే పొజిషన్‌లో కూడా ఇక్కడ కొట్లాడతారు.

గెలిస్తే ఒక పాయింటు, డ్రా అయితే అర. ఆఖరి రౌండ్ ముందు లెక్క ఇది. గుకేశ్ 8.5. వెనకాలే నకమురా, నెపోమ్నియాషి (అందరూ నెపో అంటారు), కరువానా, ముగ్గురూ 8. జతలు చూస్తే నకమురాతో గుకేశ్, కరువానాతో నెపో. అంటే గెలిచే అవకాశం ఉన్న నలుగురూ ఒకరి మీద ఒకరు! ఎవరో కావాలని కూర్చినట్టుంది గానీ, జతలు టోర్నమెంట్ మొదలవకముందే తేలిపోయినవి.

టొరంటోలో మధ్యాహ్నం రెండున్నరకి మొదలైతే మనకి అర్ధరాత్రి పన్నెండు. నేను ఇక్కడ తిరుపతిలో మా ఇంటి హాల్లో సౌండు తగ్గించుకుని చూస్తా ఉన్నాను. నకమురాకి తెల్లపావులు, గెలిస్తే తప్ప లాభం లేదు, అయినా గుకేశ్ ఎక్కడా సందివ్వలేదు. పదిహేడేళ్ళ పిల్లాడు, జీవితంలో అంత పెద్ద గేము, చివరిదాకా చేయి వణకలేదు. డ్రా. 9 పాయింట్లు.

అప్పటికి మా నాయన అలిపిరి మెట్లెక్కడానికి లేచి బయటికొచ్చినాడు.

"ఏం నైనా, మనోడు గెలిచినాడా?"

"డ్రా అయింది నాయనా. ఇంకో గేము అయ్యేదాకా తెలీదు."

"వాని ఆట అయిపోయినాక ఇంకేం తెలియాల్రా?"

అదే కదా అసలు సంగతి! కరువానా, నెపో గేములో ఎవరు గెలిచినా వాళ్ళకీ 9 అవుతుంది, అప్పుడు మర్నాడు టైబ్రేక్ ఆడాలి, అంటే సమానమైనవాళ్ళ మధ్య తక్కువ టైంలో ఆడే గేములు. ఆ వేగం ఆటల్లో గుకేశ్ అప్పటికింకా వాళ్ళంత బలంగా లేడని నా భయం. డ్రా అయితే గుకేశే. ఆ డ్రా వల్ల బోర్డు దగ్గరున్న ఇద్దరికీ ఏమీ రాదు, వచ్చేదంతా వేరేవాడికి, అందుకే ఇద్దరిలో ఎవరూ ఒప్పుకోరు. కరువానాకి గెలుపు చేతిదాకా వచ్చింది, జారిపోయింది, మళ్ళీ ఆశ కనిపించింది, మళ్ళీ పోయింది. 109 ఎత్తులు. మధ్యలో ఇంజిన్ బార్ (ఎవరిది పైచేయో కంప్యూటర్ లెక్కగట్టి చూపించే గీత) పైకి లేచినప్పుడల్లా నా గుండె కిందికి పోయింది. గుకేశ్ కాసేపు కామెంటరీ చూసి, తట్టుకోలేక తన కోచ్ గజెవ్‌స్కీతో కలిసి నడకకి వెళ్ళిపోయాడట, అది తనకి మంచి చేసిందని తర్వాత చెప్పాడు.

డ్రా అయ్యాక నెపో "సారీ" అన్నాడు, కరువానా "నా తప్పే" అన్నాడు. ఒకరి ఆశ ఒకరు ఆర్పేసుకుని, చివరికి ఒకరినొకరు ఓదార్చుకున్నారు.

ఇలాంటిది 2013 లండన్ క్యాండిడేట్స్‌లో కూడా జరిగింది. ఆఖరి రౌండులో కార్ల్‌సన్, క్రామ్నిక్ ఇద్దరూ ఓడిపోయి సమానంగా నిలిచారు, కార్ల్‌సన్‌కి ఒక గెలుపు ఎక్కువ ఉందని ముందుకు వెళ్ళాడు, ఆ ఏడాదే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ ఒక్క గెలుపు లేకపోతే తర్వాతి పదేళ్ళ చరిత్ర ఎలా ఉండేదో!

అయితే గుకేశ్ ఈ టోర్నమెంట్ గెలిచింది ఆఖరి రోజున కాదు, ఓడిన రోజున అని నేను గట్టిగా నమ్ముతాను. ఏడో రౌండులో ఫిరూజా చేతిలో ఓడిపోయాడు. అక్కడ రూలు చాలా కఠినం, మొదటి 40 ఎత్తులకి రెండు గంటలు, ఎత్తుకి 30 సెకన్లు కలవడం 41వ ఎత్తు నుంచే. కాబట్టి టైం ట్రబుల్‌లో పడితే, అంటే గడియారంలో టైం అయిపోవస్తే, కాపాడేది ఏదీ ఉండదు, గుకేశ్ సరిగ్గా అక్కడే దెబ్బతిన్నాడు. ఆ వయసులో వేరేవాళ్ళయితే అక్కడితో కుంగిపోయేవాళ్ళు. మరునాడు విశ్రాంతి రోజు. ఆ రోజే తనకి మనసు తేటగా అనిపించిందని, గెలవగలనని నమ్మకం కుదిరిందని ఆ తర్వాత అతనే చెప్పాడు. ఎనిమిదో రౌండులో నల్లపావులతో విదిత్ మీద గెలిచాడు. పదమూడో రౌండులో అదే ఫిరూజాని ఓడించాడు. నాకైతే కన్నీళ్ళొచ్చాయి.

అదే హాల్లో మహిళల క్యాండిడేట్స్ కూడా జరిగింది, దాని గురించి మనవాళ్ళు తక్కువ మాట్లాడటం నాకు బాధ. మన దేశపు వైశాలి వరసగా నాలుగు ఓడిపోయి, తర్వాత చివరి ఐదూ గెలిచింది! మన కోనేరు హంపి కూడా ఆమెతో సమానంగా రెండో స్థానంలో నిలిచింది.

గుకేశ్ చెన్నైలో పుట్టి పెరిగాడు, వాళ్ళ కుటుంబం మూలాలు మన జిల్లాలోనే, సత్యవేడు దగ్గర. తమిళమా తెలుగా అని జనం కొట్టుకుంటారు గానీ, ఈ సరిహద్దులో పుట్టినవాళ్ళకి చెన్నై పరాయి ఊరు కాదు. అతను రెండు వైపులా మనోడే.

ఇంట్లో చెస్ నేర్చుకునే పిల్లలుంటే ఆ కరువానా, నెపో గేము పెట్టి చూపించండి. ఒక్క పని మాత్రం తప్పకుండా చేయండి, ఇంజిన్ బార్ ఆపేయండి. ఎవరు గెలుస్తున్నారో పక్కన గీత చూపిస్తా ఉంటే, వాళ్ళిద్దరూ ఎంత చీకట్లో వెతుక్కున్నారో పిల్లలకి అర్థం కాదు.