దవడతో 80 రోజులు: చేతులతోనే మొహానికి మసాజ్

ఏప్రిల్ 3

పన్ను నొప్పి అనుకుని వెళ్ళాను. కుడివైపు పైన, చివరి నుంచి రెండోది. డెంటిస్టు గారు ఎక్స్‌రే తీసి పన్నుకేమీ లేదన్నారు. చెవి తమ్మెకు కొంచెం ముందు, చెంప మీద రెండు వేళ్ళు ఆనించి "పళ్ళు బిగించండి" అన్నారు. అక్కడో కండ ఉబ్బింది. దాన్ని నొక్కగానే పైపంటిలో అదే నొప్పి. "నొప్పి ఇక్కడిది, తెలిసేది అక్కడ. రాత్రిళ్ళు పళ్ళు నూరుతున్నారు, పగలు బిగిస్తున్నారు" అని చిన్న అద్దం చేతికిచ్చి కింది పళ్ళు చూపించారు. అంచులు ఆకురాయి పెట్టినట్టు చదునుగా అరిగాయి. రాత్రి పెట్టుకునే ప్లాస్టిక్ తొడుగుకి కొలత తీసుకున్నారు. "చేత్తో రోజూ కాస్త మసాజ్ చేసుకోండి" అని ఒక్క ముక్క చెప్పి తర్వాతి పేషెంటును పిలిచారు.

ఎలా చేసుకోవాలో ఆ ఒక్క ముక్కలో లేదు. అందుకే ఈ నోట్సు.

నా సంగతి కొంచెం. వయసు 47, ఊరు కాకినాడ. ఆడిటర్ గారి ఆఫీసులో లెక్కలు చూస్తాను. నెలకి రెండు గండాలు, రిటర్నులకి ఆఖరి రోజులు: 11వ తారీఖు, 20వ తారీఖు. జీఎస్టీ రిటర్నులు వేసేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

మా అమ్మాయి పోయిన పుట్టినరోజుకి మొహం మీద దొర్లించుకునే రాతి రోలరు ఒకటి కొనిచ్చింది. ఫ్రిజ్‌లోంచి తీస్తుంటే చేయి జారి గచ్చు మీద పడి రెండు ముక్కలైంది. ఇక చేతులే మిగిలాయి.

ఏప్రిల్ 4 నుంచి 10

మెరుగైందో లేదో తెలియాలంటే అంకె ఒకటి ఉండాలి. నోరు ఎంత తెరుచుకుంటుందో కొలవడం మొదలుపెట్టాను. ఇంట్లో చేసే పరీక్ష తేలిక: చూపుడు, మధ్య, ఉంగరం వేళ్ళు మూడూ ఒకదాని మీద ఒకటి నిలువుగా ముందు పళ్ళ మధ్య పట్టాలి. నాకు రెండు వేళ్ళు పట్టి మూడోది సగంలో ఆగింది. స్కేలు పెట్టి చూస్తే 31 మిల్లీమీటర్లు. పెద్దవాళ్ళకి మామూలుగా 40 పైన ఉండాలి కదా, భయం వేసింది.

వారం తర్వాత సంగతి బయటపడింది. అమ్మాయి పాత జామెట్రీ బాక్సులోని స్కేలు అది. దాని అంచు దగ్గర సున్నా ఉండదు, అర సెంటీమీటరు లోపల మొదలవుతుంది. నేను అంచుని పంటికి ఆనించి చదివాను. అసలు కొలత 36. ఇరవై ఏళ్ళుగా లెక్కలతో బతుకుతున్న మనిషిని, ఎవరికీ చెప్పలేదు.

నూనె విషయం. ఇంట్లో ఉండేది కొబ్బరినూనె కాబట్టి దానితోనే, అరచెంచా. రెండు తప్పులు. ఆరో రోజుకి దవడ గీత వెంట చిన్న చిన్న పొక్కులు. కొబ్బరినూనె చాలామందికి తలకి మంచిదే గానీ మొహం మీద రంధ్రాల్ని మూసేస్తుంది. రెండోది, నూనె ఎక్కువైతే వేలు జారిపోతుంది, కండ దొరకదు. నువ్వులనూనెకి మారాను, నాలుగు చుక్కలు. అరచేతుల్లో రుద్ది వేడెక్కాక పెడితే మొహానికీ మెడకీ సరిపోతుంది. దవడ కండకి మాత్రం అసలు నూనే వద్దు. పొడి చేత్తో దాని పని ముందు పూర్తి చేసుకుని, తర్వాత నూనె తీసుకుని మిగతాది చేస్తున్నాను. ఈ వరస కనిపెట్టడానికి ఎనిమిది రోజులు పట్టింది.

ఏప్రిల్ 14

ఇప్పుడు చేసేది ఇది. రాత్రి తొమ్మిదిన్నరకి, మొహం కడుక్కుని, మంచం మీద కూర్చుని, పది నిమిషాలు.

పళ్ళు ఒకసారి బిగిస్తే చెంపలో ఉబ్బే చోటు తెలుస్తుంది. గుర్తుపట్టాక వదిలేయాలి. పెదవులు మూసి, పళ్ళు విడిగా, నాలుక కొన పైపళ్ళ వెనక అంగిలికి ఆనించి. దవడ ఊరకుండే పద్ధతి అదేనట. నమిలేటప్పుడూ మింగేటప్పుడూ తప్ప పైపళ్ళకీ కిందపళ్ళకీ తగలాల్సిన పనే లేదు. ఈ సంగతి నాకు 47వ ఏట తెలిసింది.

చెంప ఎముక కింది అంచు నుంచి మొదలుపెట్టి దవడ మూల దాకా, రెండు వేళ్ళ మెత్తటి భాగంతో చిన్న సున్నాలు చుట్టాలి. చర్మం మీద వేలు జారకూడదు. చర్మమూ వేలూ కలిసి కండ మీద కదలాలి. చపాతీ పిండి మీద వేలితో నొక్కితే గుంట పడి మెల్లగా సర్దుకుంటుంది చూడండి, అంత బరువు చాలు. ఎక్కడ నొప్పిగా తగిలిందో అక్కడ ఆగి పదిహేను అంకెలు లెక్కపెట్టి, వేళ్ళు అలాగే ఉంచి నోరు మెల్లగా తెరిచి మూయడం, ఐదుసార్లు. ఈ చివరిదే అన్నిటికన్నా పనిచేసింది.

తర్వాత కణతలు. పళ్ళు బిగిస్తే కణతలోనూ కదలిక తెలుస్తుంది. చెవి పైన విసనకర్రలా పరుచుకున్న కండ అది, నమలడంలో దానికీ వాటా ఉంది. సాయంత్రం వచ్చే నా "కళ్ళజోడు తలనొప్పి" కళ్ళజోడుది కాదని అనుమానం మొదలైంది. నాలుగు వేళ్ళూ జుట్టులోకి పోనిచ్చి మాడుని అటూ ఇటూ కదపడం, నిమిషం.

అప్పుడు నూనె. మెడతో మొదలు: కాలర్ బోన్ పైన ఉండే గుంటలో వేళ్ళు పెట్టి ఈక తగిలినంత మెత్తగా పదిసార్లు, ఆ తర్వాత చెవి కింద నుంచి భుజం వైపు కిందికి నిమరడం. మొహంలో చేరిన లింఫ్ నీరు మెడలోంచే కిందికి పోవాలి కాబట్టి ముందు అక్కడ దారి చేస్తారు. మెడ ముందుభాగంలో, నాడి కొట్టుకునే చోట గట్టిగా నొక్కకూడదు. రెండు వైపులా ఒకేసారి అసలే వద్దు, మెదడుకి రక్తం వెళ్ళే దారి అది. కళ్ళు తిరగొచ్చు, పెద్దవాళ్ళకి ఇంకా ప్రమాదం.

కనుబొమని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి ముక్కు వైపు నుంచి బయటికి గిల్లుకుంటూ వెళ్ళడం నాకు ఇష్టమైన భాగం. ముక్కు దగ్గరి కొసలో ఒక నరం ఎముక గాడిలోంచి బయటికి వస్తుంది, అక్కడ మెత్తగానే. కళ్ళ కింద ఉంగరం వేలు మాత్రమే, ఎముక అంచు మీద తట్టడమే, లాగడం లేదు. నుదురు మధ్య నుంచి పక్కలకి. ముక్కు పక్కల రెండు సార్లు. అయిపోయింది.

చివర్లో తడి టవలుతో అద్దడం. గోళ్ళు కత్తిరించుకోవాలని వేరే రాయనక్కర్లేదు గానీ రాస్తున్నాను, కుడి చెంప మీద గీత ఒకటి ఉంది.

ఏప్రిల్ 21

నిన్న 20. కొలత 35. పొద్దున కుడి దవడ గట్టిగా, గవద బిళ్ళలు కట్టినట్టు. నిన్న సాయంత్రం ఏడింటికి ఒక పార్టీ సంచీ నిండా బిల్లులు తెచ్చి టేబులు మీద బోర్లించాడు. మసాజ్ మానేశాను. మానేసిన రోజులే ఎక్కువ అవసరమైన రోజులు అని ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

ఏప్రిల్ 27

పొద్దున్నే మొహం ఉబ్బు తగ్గుతుందని అందరూ చెప్పేదాన్ని పరీక్షించాను. నాలుగు రోజులు ఎడమ సగానికే చేశాను, కుడి సగాన్ని ముట్టుకోలేదు. అదే కిటికీ దగ్గర, ఆరున్నరకీ తొమ్మిదికీ ఫోటోలు. చేసిన వెంటనే ఎడమ కంటి కింద నిజంగానే తేడా కనిపించింది. తొమ్మిదింటికి రెండు వైపులూ ఒకటే. రాత్రంతా పడుకుని ఉంటే మొహంలో నీరు చేరుతుంది, లేచి తిరిగితే దిగుతుంది, మనం కాస్త తొందర పెట్టామంతే. పెళ్ళికో ఫోటోకో వెళ్ళే పొద్దున చేసుకోవచ్చు. రోజూ అందుకోసం చేయను.

అమ్మాయి ఒక వీడియో పంపింది, మొహం పదేళ్ళు తగ్గుతుందని. అందులో చెప్పిన పరిశోధన వెతికి చూశాను. 2018లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్ళది, నిజమే. కానీ అది మసాజ్ గురించి కాదు, మొహానికి చేసే వ్యాయామాల గురించి. 20 వారాలు, చివరిదాకా నిలిచింది 16 మంది ఆడవాళ్ళు, వాళ్ళ వయసు చూసేవాళ్ళ అంచనాలో సుమారు 51 నుంచి 48కి దిగింది. పదేళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో ఆ వీడియో చేసినవాళ్ళకే తెలియాలి.

మే 3

39! మూడో వేలు గోరు దాకా పట్టింది.

బిగించడం ఎప్పుడు చేస్తున్నానో పట్టుకోవడానికి కంప్యూటర్ మూలన ఎర్ర బొట్టు బిళ్ళ అంటించాను. అది కంటపడినప్పుడల్లా పళ్ళు చూసుకోవాలి. మొదటి రోజు పదకొండు సార్లు చూసుకుంటే తొమ్మిది సార్లు బిగిసే ఉన్నాయి. ఎక్కువగా కొనుగోళ్ళ పట్టీ సరిపోలనప్పుడు. వింతేమిటంటే కోపంలో కాదు, తేడా ఎన్ని రూపాయలో వెతుకుతూ ఊపిరి బిగబట్టినప్పుడు. మూడో రోజుకి కళ్ళు ఆ బిళ్ళని చూడటం మానేశాయి. సోమవారం సోమవారం చోటూ రంగూ మారుస్తున్నాను.

మే 10

ఈ రోజు సంగతి రాయకుండా ఉంటే బాగుండును.

పొద్దున ఆవకాయ. పాతిక కాయలు, చేత్తోనే కలిపాను, గరిటెతో కలిపితే నాకు తృప్తి ఉండదు. సబ్బుతో మూడుసార్లు కడిగాను. మధ్యాహ్నం అంట్లు తోమాను. కారం ఎప్పుడో పోయిందనుకున్నాను. రాత్రి తొమ్మిదిన్నరకి అలవాటుగా నువ్వులనూనె నాలుగు చుక్కలు అరచేతుల్లో వేసి రుద్ది, కనుబొమల దాకా బాగానే వచ్చాను. కళ్ళ కింద ఉంగరం వేలు పెట్టి మూడోసారి తట్టేసరికి నిప్పు. రెండు కళ్ళూ. కుళాయి కిందికి పరిగెత్తి పావుగంట నీళ్ళు కొడుతూనే ఉన్నాను. చెంపలు, నుదురు అప్పుడు అందుకున్నాయి. మా ఆయన పెరుగు గిన్నె తెచ్చి నిలబడ్డారు, కళ్ళు వదిలేసి చెంపలకి రాసుకున్నాను, కొంత చల్లబడింది.

కారం మంట నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద నక్కి ఉన్న దాన్ని నీళ్ళూ సబ్బూ వదిలేస్తే, మసాజ్ నూనె శుభ్రంగా బయటికి లాగి కళ్ళకి అందించింది. మర్నాడు పొద్దున ఫోన్లో చెప్తే అమ్మ ఆగకుండా నవ్వింది. "కారం చేతికి ముందు నూనె రాసి, తర్వాత సబ్బు పెట్టాలని తెలీకుండా ఇన్నేళ్ళూ ఆవకాయ ఎలా కలిపావే?"

మూడు రోజులు సెలవు.

మే 24

20 దాటింది. 37. ఏప్రిల్‌లో 35, కాబట్టి తిట్టుకోవడం లేదు.

ఎండలకి నూనె అసహ్యంగా ఉంది. కాకినాడలో మే నెల రాత్రి, ఫ్యాను కింద కూడా మొహం మీద నూనె నిలవదు, చెమటతో కలిసి మెడలోకి దిగుతుంది. కలబంద గుజ్జు వాడాను, రెండు నిమిషాల్లో ఆరి చర్మాన్ని లాగేస్తోంది. చివరికి స్నానంలో, సబ్బు నురగతో చేస్తున్నాను. నురగ ఉండేది మూడు నిమిషాలే, కాబట్టి మెడా నుదురూ మాత్రమే. దవడ పొడి చేత్తో ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఆఫీసులో, బస్సులో కూడా చేస్తున్నాను, పక్కవాళ్ళు పంటి నొప్పా అని అడుగుతారు.

జూన్ 2

కొత్తది. తొడుగు సరిచూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డెంటిస్టు గారినే అడిగి నేర్చుకున్నాను. చేతులు కడుక్కుని, ఎడమచేతి బొటనవేలు నోట్లో కుడి చెంప లోపలికి, చూపుడు, మధ్య వేళ్ళు బయట. చెంపని రెండువైపుల నుంచి పట్టి మెల్లగా వెనక్కి జరపాలి. పళ్ళు విడిగా. మెత్తగా ఉన్న చెంప అయిపోయి, నిలువుగా తాడులాంటిది ఒకటి వేళ్ళ మధ్యకి వచ్చింది. దాని మధ్యలో చింతగింజంత ముడి. పట్టుకోగానే పైపంటిలో సలుపు, కంట్లో నీళ్ళు. ఏప్రిల్‌లో నేను ఎక్స్‌రే తీయించుకున్నది దీనికన్నమాట. నొక్కి పట్టుకుని ఊపిరి వదులుతూ ఇరవై లెక్కపెడితే కింద మంచుగడ్డ కరిగినట్టు కాదు గానీ, కొంచెం ఒదిగింది. వారానికి రెండుసార్లు, ఒక్కో వైపు నిమిషం మించి వద్దన్నారు. ఎడమవైపు అలాంటి ముడే లేదు. నేను ఎప్పుడూ కుడివైపే నమలడం గమనించాను.

మా ఆఫీసులో ఇద్దరు నేర్పమన్నారు. ఒకావిడకి మొటిమలు చీము పట్టి ఉన్నాయి, అవి తగ్గేదాకా వద్దన్నాను. పంటి వాపు, జ్వరం, ఎండకి కమిలిన చర్మం, మొహానికి ఇంజెక్షన్లు చేయించుకున్న కొత్తలో కూడా వద్దు.

జూన్ 21

నిన్న 20. చివరి రిటర్ను రాత్రి పదింబావుకి వెళ్ళింది. ఆకుపచ్చ బొట్టు బిళ్ళని మధ్యాహ్నం నుంచి ఆరుసార్లు చూశాను, మూడుసార్లు పళ్ళు విడిగా ఉన్నాయి. ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని దవడ పని మాత్రం చేసి పడుకున్నాను.

పొద్దున కొలత 41. మూడు వేళ్ళూ పట్టాయి. సాయంత్రం తలనొప్పులు ఈ నెలలో నాలుగు, ఏప్రిల్‌లో పదమూడు. చింతగింజ కందిగింజ అయింది.

తొడుగు కడుగుతూ వెలుతురుకి పట్టి చూస్తే కుడివైపు కొత్త గీతలు ఉన్నాయి, నిన్నటివే కాబోలు. రాత్రి నూరడం ఆగలేదు. తొడుగుని డబ్బాలో పెట్టి, జూలై 11 మీద క్యాలెండర్లో పసుపు బిళ్ళ ఒకటి అంటించాను.