జూజూ ఏంజెల్ సొరంగం ముందు ఆగిన బస్సు

బ్రెజిల్‌లోని రియోలో షుగర్‌లోఫ్ కొండెక్కే కేబుల్ కారుకి మూడు వేల రూపాయల దాకా వదిలింది. పైకెళ్తే మబ్బు తప్ప ఏమీ లేదు. ఆ చిరాకుతోనే లెబ్లాన్ అనే పేటలో సావ్ కాన్‌రాడో బీచ్ వైపు వెళ్లే బస్సెక్కాను, దానికీ మన లెక్కలో డెబ్బై రూపాయల పైనే. గావెయా దగ్గర ట్రాఫిక్ బిగుసుకుపోయింది. ముందున్న సొరంగం పేరు జూజూ ఏంజెల్. ఎవరావిడ అని పక్కసీటు పెద్దావిడని అడిగితే తన జాకెట్టు చేతి అంచు పట్టుకు చూపించి, వచ్చీరాని ఇంగ్లీషులో "బట్టలు కుట్టేది, కొడుకుని చంపేశారు" అంది.

బస్సు కదల్లేదు. ఆవిడ చెబుతూ ఉంటే, అర్థంకానివి నేను ఫోన్‌లో వెతుకుతూ ఉన్నాను.

జూజూ రియోలో పేరున్న డిజైనర్. ఈశాన్య బ్రెజిల్ ఆడవాళ్లు అల్లే లేసుని ఖరీదైన గౌన్ల మీదికి తెచ్చింది. (మా నానమ్మ నరసాపురం దగ్గర ఏళ్ల తరబడి లేసు అల్లింది, ఒక్కటీ తను కట్టుకోలేదు, అందుకే ఈ మాట దగ్గర కాసేపు ఆగిపోయాను.) 1964 నుంచి సైనిక పాలన. 1968 తర్వాత పత్రికల నోరు పూర్తిగా నొక్కేశారు. ప్రభుత్వాన్ని ఎదిరించిన ఆవిడ కొడుకు స్టూవర్ట్‌ని 1971లో పట్టుకెళ్లి వైమానిక స్థావరంలో హింసించి చంపారు. శవం కూడా ఇవ్వలేదు.

అదే ఏడు సెప్టెంబరులో న్యూయార్క్‌లో, అదీ బ్రెజిల్ కాన్సుల్ ఇంట్లోనే, ఆవిడ ఫ్యాషన్ షో పెట్టింది. పత్రికలో అచ్చుకాని మాటని గౌను మీద కుట్టేసింది. బోనులో పక్షులు, కటకటాల వెనక సూర్యుడు, యుద్ధట్యాంకులు, గాయపడిన దేవదూత, అన్నీ చిన్నపిల్లలు గీసిన బొమ్మల్లాంటి ఎంబ్రాయిడరీ. ఆ ఫొటోలు చూస్తుంటే నాకు గొంతు పట్టేసింది. రక్తం, శవాలు గీసి ఉంటే ఇంత బాధ కలిగేది కాదనిపించింది. అది పిల్లాడి చొక్కాకి అమ్మ కుట్టే కుట్టు.

1976 ఏప్రిల్ 14న ఈ సొరంగం దాటగానే కారు ప్రమాదంలో ఆవిడ చనిపోయింది. నాకేమైనా జరిగితే నా బిడ్డని చంపినవాళ్ల పనే అని ముందే స్నేహితులకి కాగితం రాసిచ్చిందట. అది ప్రమాదం కాదు, ప్రభుత్వానిదే బాధ్యత అని అధికారిక కమిషన్ ఒప్పుకునేసరికి 1998 వచ్చింది.

బస్సు కదిలింది. ఆ సాయంత్రం బీచ్‌లో ఏం చూశానో సరిగ్గా గుర్తులేదు. నా గైడు ఈవిడ గురించి ఒక్క ముక్క చెప్పలేదు, దానికి ఇంకా కోపంగానే ఉంది. రియో వెళ్తే కేబుల్ కారు డబ్బులు మిగిలినా మిగలకపోయినా, ఈ రూటు బస్సు మాత్రం ఎక్కండి, ఎక్కేముందు ఫోన్‌లో ఆ గౌన్లు చూసుకోండి.