పాపకి జలుబు, ఆపరేషన్ వాయిదా

ఈరోజు చెల్లెలి కూతురికి అంగిలి (నోటి పైకప్పు) చీలిక కుట్టే ఆపరేషన్ ముందు చేసే చెకప్. చెల్లెలు, వాళ్ళ అత్తగారు పాపనెత్తుకుని బుచ్చి నుంచి పొద్దున్నే బస్సులో నెల్లూరు వచ్చారు. నేను సెలవు పెట్టి నేరుగా హాస్పిటల్‌కే వెళ్ళాను. పాప ముక్కు కారుతోంది. డాక్టరుగారు స్టెత్ పెట్టి విని, జలుబు పూర్తిగా తగ్గాక మూడు వారాలాగి రమ్మన్నారు. జలుబుండగా మత్తిస్తే ఊపిరికి ఇబ్బందట. హిమోగ్లోబిన్ కూడా పదికి కాస్త తక్కువుంది, ఐరన్ చుక్కలు రాశారు.

చెల్లెలి మొహం వాడిపోయింది. అత్తగారు మాత్రం, "మంచిదే అయింది. పది నెలల బిడ్డకి కత్తి పెట్టేదేంది? మూడేళ్ళు రానీ, కాస్త గట్టిపడద్ది" అన్నారు.

ఆమె ప్రేమని శంకించలేను. పుట్టిన కొత్తలో పాలు తాగితే ముక్కులోంచి వచ్చేవి. పెదవి బాగానే ఉంది కాబట్టి ముందు ఎవరికీ అర్థం కాలేదు, టార్చి వేసి చూస్తే అంగిట్లో వెనకవైపు చీలిక కనబడింది. ఆ రోజుల్లో బిడ్డని నిటారుగా ఒళ్ళో పెట్టుకుని, ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెంగా పాలు పట్టింది ఆమే. గ్రహణం రోజు కోడలు బయట తిరిగిందని చుట్టాలంటే నోరు మూయించింది కూడా ఆమే. గర్భంలో తొలి మూడు నెలల్లో అంగిలి రెండు పక్కలూ వచ్చి మధ్యలో కలవాలి, కలవకపోతే చీలిక మిగిలిపోతుంది. గ్రహణం దాన్ని ఏమీ చేయదు.

కానీ మూడు వారాలు ఆగడం వేరు, మూడేళ్ళు ఆగడం వేరు. ఇవాళ ఆమెకి అదే చెప్పాను.

పాప 'మ్మ మ్మ' అంటుంది, 'న్న న్న' అంటుంది. వాటికి గాలి ఎలాగూ ముక్కులోంచే పోవాలి కాబట్టి చీలిక అడ్డం రాదు. 'తాత', 'పాప', 'అక్క' అనాలంటే అంగిలి వెనకున్న మెత్తటి భాగం పైకి లేచి ముక్కుదారి మూసెయ్యాలి, గాలి నోట్లో నిలవాలి. మందుల షాపు దగ్గర కూర్చున్నప్పుడు నేను 'తాత' అని చూపించాను. నా నోటి వంకే చూసి, నాలుక పైకి ఆనించి, ఎంతో ఇష్టంగా 'నాన' అంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

పిల్లలు ఏడాది దాటాక మాటలు గబగబా నేర్చేస్తారు. అప్పటికి అంగిలి మూయకపోతే రాని శబ్దాల్ని గొంతులోంచి లాగి పలకడం అలవాటవుతుంది. తర్వాత కుట్టినా ఆ అలవాటు దానంతటది పోదు, ఏళ్ళ తరబడి స్పీచ్ థెరపీ కావాలి. అందుకే పెదవికైతే మూడు నెలలప్పుడు, అంగిలికైతే తొమ్మిది నుంచి పన్నెండు నెలల మధ్య, ఆలస్యమైనా పద్దెనిమిది నెలల లోపు చేస్తారు. మరీ ముందు చేస్తే మత్తు ప్రమాదం ఎక్కువ, పైదవడ ఎదుగుదల దెబ్బతింటుందన్న భయమూ ఉంది. అయినా 2023లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, యూరప్, దక్షిణ అమెరికాల్లో అంగిలి చీలిక మాత్రమే ఉన్న 558 మంది పిల్లల్ని చూస్తే, ఆరు నెలలకే చేయించుకున్న వాళ్ళలో ఐదేళ్ళ వయసుకి మాట్లాడేటప్పుడు అంగిలి ముక్కుదారిని సరిగా మూయలేని వాళ్ళు 8.9 శాతం, పన్నెండు నెలలకి చేయించుకున్న వాళ్ళలో 15 శాతం. ఆరోగ్యంగా, ఆపరేషన్ తట్టుకునేలా ఉన్న పిల్లల లెక్క అది. మా పాపకి ఆరు నెలలప్పుడు బరువే చాలలేదు. ఏదేమైనా మూడేళ్ళని ఎవరూ అనలేదు.

డాక్టరుగారు చెవి పరీక్ష కూడా రాశారు. అంగిలి కండరాలే చెవి లోపలి గొట్టాన్ని తెరుస్తాయి. అవి సరిగా పనిచేయకపోతే కర్ణభేరి వెనక నీరు చేరి వినికిడి మందగిస్తుంది. సరిగా వినపడని పిల్ల మాట ఎలా నేరుస్తుంది? ఈ మూడు వారాల్లో అది చేయించేస్తే సరి.

అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. బస్టాండు దగ్గరికి వచ్చాక, "కుట్లేసినాక బిడ్డకి ఏం పెట్టాల?" అని అడిగారు.

"కొన్ని వారాలు పల్చటివే, అత్తా. గిన్నె అంచుతో తాగించాలి. స్పూను నోట్లో పెట్టకూడదు. బిస్కెట్లూ మురుకులూ అసలొద్దు. వేలు నోట్లో పెట్టుకోకుండా చేతులకి గుడ్డ కడతారు."

"రాగిజావ వడగట్టి పోస్తాలే" అన్నారు. ఐరన్ చుక్కలు ఎప్పుడెప్పుడు వెయ్యాలో చెల్లెల్ని మళ్ళీ చెప్పమని, చీటీ తన పర్సులోనే పెట్టుకున్నారు.