గ్లూటెన్ అనే మాట ఎత్తడం మానేశా

మొన్న ఆదివారం ఫ్రెండ్స్ అందరూ కలిసి ఒక కెఫేకి లాక్కెళ్ళారు. నీ కోసమే వెతికి పట్టుకున్నామే, మెనూలో సగం గ్లూటెన్ ఫ్రీ అట అని. గ్లూటెన్ అంటే గోధుమ, మైదా, బార్లీ లాంటి వాటిలో ఉండే ఒక ప్రోటీన్, నాకది పడదు. నిజంగానే పేరు పక్కన చిన్న పచ్చ ఆకు బొమ్మ వేసి పెట్టారు, జొన్న పిజ్జా కూడా ఉంది. ఆశ కదా, ఆర్డర్ ఇవ్వబోతూ అలవాటు కొద్దీ అడిగా, ఈ బేస్ ఎక్కడ ఒత్తుతారు బాబూ అని. "అన్నీ ఒకే బల్ల మీద మేడం, కింద మైదా చల్లుతాం, లేకపోతే జొన్న పిండి అంటుకుపోతుంది కదా" అన్నాడు. ఎంత అమాయకంగా చెప్పాడంటే కోపం కూడా రాలేదు. పైగా "వెయిట్ లాస్ కోసమా మేడం?" అని ఒక ప్రశ్న. బ్లాక్ కాఫీ తాగి వచ్చేశా.

తెలియనివాళ్ళ కోసం, నాకు సీలియాక్ అనే జబ్బు. తెలిసి ఆరేళ్ళు. అంతకుముందు మూడేళ్ళు గ్యాస్ అన్నారు, టెన్షన్ అన్నారు, రక్తం లేదని ఐరన్ మాత్రలు మింగించారు, చివరికి ఒక డాక్టర్‌కి అనుమానం వచ్చి టీటీజీ రక్త పరీక్ష, ఎండోస్కోపీ చేయిస్తే బయటపడింది. మన వైపు ఇది త్వరగా తట్టదు లెండి, 2016లో వచ్చిన ఒక స్టడీలో ఉత్తరాదిలో వందకి ఒకరికి పైనే ఉంటే దక్షిణాదిలో వెయ్యికి ఒకరు అని తేలింది, ఆ వెయ్యిలో ఒక్కదాన్ని నేనయ్యా. ఇది అలర్జీ కాదు, గోధుమ, బార్లీ, రై అనే ధాన్యం (ఆవాలు కాదు), వీటిలోని గ్లూటెన్ లోపలికెళ్తే మన ఒంటి రక్షణ వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరని పాడు చేసుకుంటుంది. మందు లేదు, అవి మానడం ఒక్కటే. కొంచెం తింటే ఏం కాదులే అనేది ఇక్కడ చెల్లదు, ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటేనే ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశంలో ఆహార ప్రమాణాలు చూసే సంస్థ) రూల్ ప్రకారం గ్లూటెన్ కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు. బల్ల మీద చల్లిన మైదా ముందు ఆ లెక్క ఎంత?

నా బాధ ఏంటంటే ఆరేళ్ళ కింద గ్లూటెన్ అనే మాట ఎవరికీ తెలీదు, తెలీదు కాబట్టి "అంటే ఏంటమ్మా" అని అడిగేవాళ్ళు, చెప్తే వినేవాళ్ళు. ఇప్పుడు అందరికీ తెలుసు, డైటింగ్ అని. ఒక చోట వెయిటర్ "గ్లూటెన్ తక్కువ వేయిస్తాను మేడం" అన్నాడు, ఉప్పులాగా. ఫ్యాషన్ వల్ల లాభం లేదని అనను, సూపర్ మార్కెట్‌లో ఇప్పుడు నాకంటూ ఒక అర ఉంది, కానీ హోటల్లో మాత్రం ఆ మాటకి విలువ పోయింది.

ఇంకో రకం ఉంటారు, మనకేంటి, ఇడ్లీ దోశ ఉన్నాయిగా అనేవాళ్ళు. దోశ పిండిలో గోధుమ ఉండదు, కరెక్టే (కరకర రావాలని కొంచెం మైదా కలిపేవాళ్ళూ ఉన్నారు, అది వేరే గొడవ). కానీ పెనం దగ్గర ఒక్క ఐదు నిమిషాలు నిలబడి చూడండి. మాస్టర్ రవ్వ దోశ (ఆ బొంబాయి రవ్వ గోధుమదే) తీస్తాడు, నీళ్ళు చల్లుతాడు, చిన్న చీపురుకట్టతో పెనం మొత్తం ఊడుస్తాడు, అదే తడి మీద నా దోశ పోస్తాడు. ఆ చీపురు పుల్లల మధ్య ఇరుక్కున్న రవ్వ నాకు కనిపిస్తూనే ఉంటుంది. గారెలేమో మైదాతో చేసే మైసూర్ బజ్జీ వేసిన నూనెలోనే. ఇక సాంబార్‌లో ఇంగువ! అసలు ఇంగువ చాలా ఘాటు కాబట్టి బంకతో పాటు మైదానో బియ్యప్పిండో కలిపి అమ్ముతారు, డబ్బా వెనక చదివితే ఉంటుంది. ఇది తెలిసిన రోజు ఇంట్లో డబ్బా చూసి ఏడ్చినంత పని చేశా, మూడు నెలలు అన్నీ మానేసి రోజూ ఆ పోపుతోనే తిన్నాను మరి.

బిర్యానీ అడుగుతారు కదా, అన్నమేగా అని. దమ్ కోసం మూత చుట్టూ గోధుమ పిండి ముద్ద అతికిస్తే అది ఎండి పెళుసై మూత తీసేటప్పుడు రాలుతుంది. రంజాన్ నెలలో పక్క గిన్నెలో హలీమ్, అందులో గోధుమలే. నేను మానేశా, అంతే.

అందుకే ఇప్పుడు గ్లూటెన్ అనను. గోధుమ పిండి, మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా, బార్లీ, సోయా సాస్ పడవు, తింటే హాస్పిటలే అని పేరుపేరునా చెప్తా. హాస్పిటల్ అనేది కొంచెం ఎక్కువే, కానీ పనిచేస్తుంది. ఇవే హిందీలో కూడా ఫోన్‌లో రాసి పెట్టుకున్నా, వంటింట్లో చాలాచోట్ల ఒడిశా, బెంగాల్ కుర్రాళ్ళే ఉంటున్నారు, వెయిటర్‌కి చెప్పింది వాళ్ళ దాకా వెళ్ళదు. వెళ్ళేది కూడా పదకొండుకో నాలుగుకో, రష్ లేనప్పుడు.

మా సందు చివర టిఫిన్ సెంటర్ అన్న ఒక్కడే నన్ను నమ్మాడు. ఇంగువ డబ్బా చూపించన్నా అంటే తెచ్చాడు, ఇద్దరం కలిసి చదివాం, మైదా అని కనపడగానే "ఇరవై ఏళ్ళ నుంచి వాడుతున్నానమ్మా, ఎప్పుడూ తిప్పి చూడలేదు" అన్నాడు. ఇప్పుడు నాకు పొద్దున్నే వేసే మొదటి వాయి ఇడ్లీ, పల్లీ చట్నీ, అదీ పోపు వెయ్యకముందు పక్కకి తీసింది. సాంబార్ లేదు.

వచ్చే నెల మా పిన్ని కూతురి పెళ్ళికి రాజమండ్రి వెళ్తున్నాం, కారులో. విజయవాడ హైవే మీద పెనం కడిగి వేసే హోటల్ ఏదైనా తెలిస్తే చెప్పండి, పోయినసారి దారి పొడుగునా అరటిపళ్ళే తిన్నా.