సారెజ్: గేట్లు లేని ఆనకట్ట

తజికిస్థాన్‌లోని సారెజ్ సరస్సుకు వెళ్తే, ముందు కట్ట దిగువన ఊట చూడండి. ఒడ్డుకు తర్వాత ఎక్కొచ్చు. ఇంత పెద్ద సరస్సు ఇన్నేళ్లుగా కట్ట పొర్లకుండా ఉందంటే ఆ ఊట పుణ్యమే.

1911 ఫిబ్రవరిలో భూకంపానికి కొండ విరిగి ముర్గాబ్ నదికి అడ్డం పడింది. ఉసోయ్ ఊరు దాని కింద పూడిపోయింది. ఎగువన నీళ్లు పెరుగుతూ పోయి సారెజ్ ఊరిని ముంచేశాయి. కట్టకు మొదటి ఊరి పేరు, సరస్సుకు రెండో ఊరి పేరు మిగిలాయి. కట్ట ఎత్తు 567 మీటర్లు. మన నాగార్జునసాగర్ 124. నిల్వ దాదాపు 600 టీఎంసీలు. తూము లేదు, గేటు లేదు, అలుగు లేదు.

నీళ్లు రాళ్ల సందుల్లోంచి దిగి, కట్ట అడుగున బుగ్గలుగా పైకొస్తాయి. సుమారు 1600 క్యూసెక్కులు. దోసిట్లో పట్టి చూశాను: వేళ్ల గీతలు కనిపించేంత తేట. బురదగా వస్తే కట్ట లోపల మట్టి కొట్టుకుపోతున్నట్టు. మన ఊళ్లలో నీరటివాళ్లు చెరువుకట్ట కింద చూసేదీ ఇదే కదా!

సరస్సు ఉన్న బదఖ్షాన్ ప్రాంతానికి వెళ్లే పర్మిట్‌తో పాటు సరస్సుకు వేరే అనుమతి కావాలి, రాజధాని దుషాన్‌బేలోనే తీసుకోండి. రుషాన్ దగ్గర బర్తంగ్ లోయలోకి తిరగాలి. జూన్, జులైలో మంచు కరిగి రోడ్డు కోసుకుపోతుంది, ఆగస్టు చివర, సెప్టెంబరు నయం. అప్పుడు కూడా వాగులు పొద్దున్నే దాటాలి, మధ్యాహ్నానికి ఉధృతి పెరుగుతుంది. ఆఖరి ఊరు బర్చిదేవ్. అక్కడి నుంచి కాలినడకే, స్థానిక గైడ్ తప్పనిసరి. దారిలో కొనడానికి ఏమీ దొరకదు. ఊళ్లో ఉప్పు, వెన్న వేసిన పాలటీలో రొట్టె తుంచి ఇస్తారు. దాన్ని షిర్‌చాయ్ అంటారు. నడకకు ముందు కడుపునిండా తాగండి.

కట్ట మీద ఇళ్లంత బండలు. చిన్నవే ప్రమాదం, కాలు పెట్టగానే దొర్లుతాయి. ముందు కర్రతో నొక్కి చూసి, తర్వాతే బరువు మోపాలి. చీలమండను పట్టి ఉంచే బూట్లు లేకపోతే వెళ్లొద్దు. సరస్సు మట్టం 3,263 మీటర్లు కాబట్టి ముందు ఖొరోగ్ పట్టణంలో రెండు రాత్రులు ఆగితే ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి తగ్గుతుంది.

కుడి గట్టు కొండవాలు ఇంకా కదులుతోంది. అది జారి సరస్సులో పడితే లేచే అల కట్ట దాటుతుందనే భయంతోనే దిగువ ఊళ్లకు హెచ్చరిక వ్యవస్థ పెట్టారు. టెంటు ఎక్కడ వేయాలో గైడ్ చెప్పిన చోటే వేయండి, ఒడ్డు ఎంత చదునుగా కనిపించినా సరే.